ఇరవై అయిదు చుట్లు

"ఇదిగో, మధ్యాహ్నం మ్యాచ్‌కి మావాళ్ళు పది పన్నెండు మంది వస్తున్నారు. పదకొండుకల్లా నువ్వు ఇంట్లో ఉండాలి," అన్నారాయన, నేను చెప్పుల స్టాండు కింద వంగి మా అమ్మాయి చిట్టి బూట్లు వెతుకుతుంటే. క్రికెట్ ఫైనలట. ఆ ఫైనల్ కోసం నిన్నటి నుంచీ నాకు నడుం వాల్చే తీరిక లేదు. కుర్చీలు తుడిచాను, నీళ్ళ సీసాలు నింపి ఫ్రిజ్‌లో పెట్టాను, ఉల్లిపాయలు తరిగి డబ్బాలో మూత పెట్టాను. హాల్లో సోఫా టీవీకి ఎదురుగా జరపమంటే అదీ జరిపాను. ఆడేదెవరో, గెలిచేదెవరో నాకనవసరం, చాకిరీ మాత్రం నాది.

"ఇవాళ అమ్మాయి పోటీ ఉంది కదండీ," అన్నాను.

"పోటీయా? ఓ, ఆ నడకా!" అని నవ్వారు. "నడవడం కూడా ఒక ఆటేనా? అలా అయితే కూరగాయల బజారుకి వెళ్ళొచ్చే వాళ్ళందరికీ పతకాలివ్వాలి."

అత్తయ్య కూడా నవ్వింది. ఈ జోకు పెళ్ళైన కొత్తలో నా మీద వేసిందే. పాత సరుకు, ఇప్పుడు కూతురి మీదకి తోలారు. చిట్టి తల వంచుకుని లేసులు కట్టుకుంది. దాని చెవులు ఎర్రబడటం నేను చూశాను, ఆయన చూడలేదు.

నేనూ నడిచినదాన్నే. కాలేజీలో ఉండగా మా జిల్లాలో నన్ను దాటినవాళ్ళు లేరు. ఈ ఆట సంగతి తెలియనివాళ్ళకి చెప్పాలంటే, ఒక కాలు ఎప్పుడూ నేల మీదే ఉండాలి, ముందుకేసిన కాలు మోకాలి దగ్గర వంగకూడదు, అలాగే ఎంత వేగంగా పోగలిగితే అంత వేగంగా పోవాలి. తప్పు చేస్తే పక్కనున్న జడ్జి రంగు అట్ట చూపిస్తాడు, ఎక్కువైతే బయటికి పంపేస్తాడు. పరిగెత్తే దమ్ముండి కూడా పరిగెత్తకుండా ఉండటమే ఈ ఆట. ఇంతకంటే ఆడదానికి బాగా అలవాటైన ఆట ఇంకోటుందా చెప్పండి! పెళ్ళైన నెలకి ఒక పొద్దున వీధిలోకి నడవడానికి దిగితే అత్తయ్య గుమ్మంలోంచి చూసి, "నడుం తిప్పుకుంటూ ఆ బాతు నడకేంటమ్మా, నలుగురూ నవ్వరూ?" అంది. ఆయన పేపరు లోంచి తలెత్తకుండా, "అమ్మ చెప్పింది విను," అన్నారు. విన్నాను. ఇన్నేళ్ళూ హాలుకీ వంటింటికీ మధ్యే నడిచాను. మా పెద్దాడు బ్యాటు పట్టుకుంటానన్న రోజు మాత్రం ఇంట్లో పండగే. హెల్మెట్టు, ప్యాడ్లు, ఇంటి ముందుకొచ్చే వ్యాను, ఆదివారాలు వాడి ఆట చూడ్డానికి వాళ్ళ నాన్న వెంట వెళ్ళడం, అబ్బో! చిట్టి బూటు అడుగు నోరు తెరిస్తే నేనే దబ్బనంతో కుట్టాను. పొద్దున్నే పాల ప్యాకెట్లకని చెప్పి ఏడాదిగా నేనూ అదీ కలిసి నడుస్తున్నాం. పాలు తేవడానికి అంతసేపెందుకని ఇంట్లో ఒక్కరూ అడగలేదు. వేళకి టీ వస్తే చాలు వాళ్ళకి.

చిట్టిని గ్రౌండులో దింపి వెనక్కి వచ్చేద్దామనే వెళ్ళాను. చూస్తే దాని డ్రిల్లు టీచరు మెట్ల మీద తల పట్టుకుని కూర్చుంది. జిల్లా పోటీకి ముగ్గురు పేర్లిచ్చారట, ఇద్దరే వచ్చారట. చిట్టీ, పోస్టాఫీసులో పనిచేసే ఇంకో అమ్మాయీ. మూడో అమ్మాయిని ఇంట్లోంచి పంపలేదు, మ్యాచ్ చూడ్డానికి చుట్టాలొస్తున్నారట.

"ముగ్గురూ పూర్తి చేస్తేనే పోటీ చెల్లుతుందండీ," అంది టీచరు. "లేకపోతే రద్దు. చిట్టిని పై పోటీలకి పంపలేను. వచ్చే ఏడాది ఆడిద్దామంటే, మనుషులు రావట్లేదని అసలు ఈ ఆటే తీసేస్తామంటున్నారు."

"ఎందుకు రావట్లేదు మరి?"

"ఎందుకొస్తారండీ? టీవీలో రాదు కాబట్టి ఎవరూ చూడరు. చూడరు కాబట్టి ఎవడూ రూపాయి పెట్టడు. పెట్టడు కాబట్టి పిల్లలు రారు. పిల్లలు రారు కాబట్టి టీవీలో రాదు. నేను ఇరవై ఏళ్ళ నుంచి ఇందులోనే తిరుగుతున్నా." ఆవిడ కళ్ళు తుడుచుకుంది.

నా ఆఖరి పోటీ కూడా అచ్చం ఇలాగే పోయింది. ఆ రోజూ ఇద్దరమే వచ్చాం, రద్దన్నారు. బస్సులో ఏడ్చుకుంటూ ఇంటికెళ్తే నాన్న తల నిమిరి, "పోనీలేమ్మా, ఇక సంబంధాలు చూస్తాను," అన్నాడు. ప్రేమగానే అన్నాడు. చిట్టి అటు చివర ఒంటరిగా కాళ్ళు సాగదీసుకుంటోంది. దానికింకా ఎవరూ చెప్పలేదు.

"వయసుకి పై హద్దుందా టీచర్?" అని అడిగాను.

ఆవిడ నా మొహం చూసింది, తర్వాత నా కాన్వాసు బూట్లు చూసింది. "లేదు," అంది మెల్లగా.

టోపీ పెట్టుకున్న పెద్ద జడ్జి వాచీ చూసుకుంటూ, "ఎవరైతే ఏంటమ్మా, తొందరగా కానివ్వండి, మ్యాచ్ టైముకి ఇంటికెళ్ళాలి," అన్నాడు. చిట్టి దగ్గరున్న ఇంకో ట్రాక్ ప్యాంటు నడుం దగ్గర బిగుతైంది. పిన్నీసు పెట్టుకుని గీత మీద నిలబడ్డాను. "అమ్మా, నీకేమన్నా పిచ్చా?" అంది చిట్టి. దాని గొంతులో భయం, సంతోషం రెండూ ఉన్నాయి.

ఇరవై అయిదు చుట్లు. మొదటి రెండు చుట్లూ సిగ్గుతో చచ్చిపోయాను. ఎవరూ లేని మెట్ల మీద కూడా అత్తయ్య కూర్చుని చూస్తున్నట్టే అనిపించింది. తర్వాత నడుం తన దారి తాను పట్టింది. అమ్మయ్య, మర్చిపోలేదు! చిట్టి నన్ను దాటిపోయింది, మళ్ళీ వచ్చి దాటిపోయింది. నా కూతురు అంత అందంగా నడుస్తుందని పక్కన నడిచినన్నాళ్ళూ నాకు తెలియలేదు. ఒకసారి జడ్జి అట్ట చూపించాడు. మోకాలు సరిచేసుకున్నాను. సగం అయ్యేసరికి డొక్కలో పోటు, నోరంతా ఉప్పు. మెట్ల మీద టీచరు చేతిలో నా ఫోను మోగుతూనే ఉంది. "మీవారండీ!" అని అరిచింది. చెయ్యి ఊపాను. పదకొండు దాటిపోయి ఉంటుంది.

చిట్టి గెలిచింది. పోస్టాఫీసు అమ్మాయి రెండోది. ఇద్దరూ నీళ్ళు తాగి, స్థిమితపడేసరికి కూడా నాకింకా చుట్లు మిగిలే ఉన్నాయి. అవతల జడ్జీలు కుర్చీలు మడుస్తున్నారు. టోపీ సారు ట్రాక్ అంచు దాకా వచ్చి, "అమ్మా, చాలు. మీరు కూడా పూర్తి చేసినట్టు రాసేశాం. మీ అమ్మాయికి ఏ ఇబ్బందీ లేదు. ఆగండిక," అన్నాడు. మంచివాడే పాపం.

నాకు ఏడుపొచ్చేసింది. చేసిన పని చెయ్యలేదన్నారు ఇన్నేళ్ళూ. ఇప్పుడు చెయ్యని పని చేసేశానంటున్నారు. నేనెక్కడ ఆగిపోయినా ఎవరికీ ఏమీ తేడా పడదు, అదీ నా బతుకు. ఏడుస్తూనే కాలు ముందుకేశాను. టోపీ సారు ఒక నిమిషం చూసి, తల అడ్డంగా ఊపి, స్కూటరు వైపు వెళ్ళిపోయాడు. మిగతావాళ్ళు ఆయన వెనకే వెళ్ళారు. టీచరొక్కతే కదల్లేదు.

చిట్టి ట్రాక్ మీదకి వచ్చి నా పక్కనే నడవసాగింది. "అమ్మా, రాసేశారట కదా. నాకు పై పోటీకి చోటు దొరికేసింది. నాన్న ఫోన్లో గోల గోల చేస్తున్నారు, అందరూ వచ్చేశారట. చాలమ్మా, పద."

"నీ కోసమే దిగానే తల్లీ," అన్నాను, ఊపిరి అందకుండా. "నీది అయిపోయింది. నాది ఇంకా కాలేదు. పక్కకి జరుగు."