వీడ్కోలు భోజనం

లుజ్వి తెలివితక్కువది కాదు. మర్యాద ఎక్కువ, అంతే. మాల్టాకి పనికోసం వచ్చిన మాలాంటివాళ్ళకి ఆ జబ్బు ఉండకూడదని చెప్పీ చెప్పీ నా నోరు నొప్పెట్టింది.

"కొత్తచోట కాగితం చేతికొచ్చేదాకా నోరు విప్పకే," అన్నాను. పని మానేసిన పది రోజుల్లోగా ఇంకో యజమాని మన పేరున దరఖాస్తు పెట్టాలి. లేకపోతే దేశం వదిలిపోవాలి. మా గదిలో ఉండే ఐదుగురు ఫిలిపీనో ఆడవాళ్ళలో ఎవర్ని నిద్రలేపి అడిగినా ఈ సంగతి చెబుతారు.

"నాలుగేళ్ళు వాళ్ళింటి అన్నం తిన్నానక్కా. చెప్పకుండా ఎలా వస్తాను?" అంది లుజ్వి.

మోస్తా ఊళ్ళో డోరిస్ అనే ఆవిడ తల్లిని చూసుకునేది లుజ్వి. ముసలమ్మ మంచం దిగలేదు. రానురాను డోరిస్ ఆదివారాలు కూడా పని చేయించుకోవడంతో విసిగిపోయి, లుజ్వి ఒక వృద్ధాశ్రమంలో పని కుదుర్చుకుంది. వాళ్ళు సెప్టెంబరు ఒకటిన దరఖాస్తు పెడతామన్నారు. ఈ పిచ్చిది ఆగస్టు మొదట్లోనే వెళ్ళి, నెలాఖరుదాకా చేసి మానేస్తానని డోరిస్‌కి చెప్పేసింది. డోరిస్ కౌగిలించుకుని ఏడ్చిందట.

"చూశావా అక్కా, నువ్వూ నీ అనుమానాలూ," అని నన్నే దెప్పింది.

మా వైపు పని మానేసే మనిషి ఊరికే వెళ్ళిపోదు. తనే వండి, అందరికీ వడ్డించి మరీ వెళుతుంది. పదిహేనో తారీకు సాంతా మరియా పండుగ. డోరిస్ బంధువులంతా ఇంట్లోనే ఉంటారు కదా, నెలాఖరున మళ్ళీ దొరకరు కదా అని లుజ్వి ఆ రోజే పెద్ద పళ్ళెం నిండా పాన్సిత్ చేసింది. రొయ్యలూ కూరగాయలూ వేసిన సన్న సేమ్యా అది. అందరూ మళ్ళీ మళ్ళీ వడ్డించుకున్నారు. డోరిస్ లుజ్వి బుగ్గమీద ముద్దుపెడుతూ ఫొటో తీయించుకుంది.

"నువ్విక విశ్రాంతి తీసుకో బంగారం," అందట ఆఖర్న. "కొత్తమ్మాయి వచ్చేసిందిగా. ఈ రెండు వారాలూ హాయిగా పడుకో."

లుజ్వి మా గదిలో హాయిగా పడుకుంది. మధ్యాహ్నాలు గురకపెట్టి మరీ నిద్రపోయింది. నాక్కూడా అనుమానం రాలేదు, ఆ మాట ఒప్పుకోవాలి.

సెప్టెంబరు రెండో వారంలో లుజ్విని పర్మిట్లిచ్చే కార్యాలయానికి పిలిపించారు. తోడు వెళ్ళాను. కౌంటర్లో ఉన్న అమ్మాయి చాలా మెత్తగా మాట్లాడింది.

"మీరు ఆగస్టు పదిహేనునే మానేశారని మీ యజమాని రాశారు. కొత్త దరఖాస్తు పదిహేడు రోజుల తర్వాత వచ్చింది. గడువు దాటిపోయింది."

"మానలేదండీ, ఆవిడే సెలవిచ్చింది!" అంది లుజ్వి.

"సెలవిచ్చినట్టు కాగితం ఉందా?"

లేదు. ఆ అమ్మాయి కంప్యూటర్ తెర మావైపు తిప్పింది. డోరిస్ పంపిన ఫొటో. పాన్సిత్ పళ్ళెం, ముద్దు, కింద 'మా లుజ్వికి వీడ్కోలు' అని రాత.

"అది నేనే వండాను," అంది లుజ్వి, అదేదో తనకి సాయం చేసే మాటలా.

"అదే కదండీ," అంది ఆ అమ్మాయి.

పాత పేరు తీసేస్తేగాని కొత్తమ్మాయి కాగితాలు కదలవని డోరిస్‌కి ఎవరో ఏజెంటు చెప్పాడట. అంతకుమించి పగేం లేదు. పగుంటేనే నయం, తిట్టడానికైనా బాగుండేది.

లుజ్వి తిరుగు ప్రయాణానికి రెండు రోజుల ముందు డోరిసే ఫోన్ చేసింది. కొత్తమ్మాయి చేత్తో పెడితే ముసలమ్మ తినడం లేదట. లుజ్వి పెట్టె సర్దడం ఆపి ఓపిగ్గా చెప్పింది. చెంచా ఎడమవైపు నుంచి పెట్టాలి, ముందు గొంతు నిమరాలి, పాట పాడాలి. ఆ పాట కూడా పాడి వినిపించింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

"మేడమ్," అంది చివర్న, "నెలాఖరుదాకా మీ దగ్గరే చేశానని ఒక్క ముక్క రాసిస్తారా?"

ఫోన్ స్పీకర్‌లో ఉంది, నేనూ విన్నాను.

"అయ్యో బంగారం, నువ్వు రాలేదుగా. అబద్ధం ఎలా రాయను?"

గురువారం లుజ్వి విమానం ఎక్కింది. ఇక్కడి సిమ్ములో ఇంకా డబ్బులున్నాయని దాన్ని నాకిచ్చి వెళ్ళింది. శనివారం ఆ నంబరుకి డోరిస్ మూడుసార్లు ఫోన్ చేసింది. తర్వాత మెసేజ్ పెట్టింది: అమ్మ నిన్నట్నుంచి ఏమీ తినలేదు, ఆ పాట ఇంకొక్కసారి పాడి పంపు.

ఆ పాట నాకూ వచ్చు. ముసలమ్మ నాకేం అన్యాయం చేయలేదు. అయినా నేను జవాబివ్వలేదు.