బొమ్మ కడుపులో చెయ్యి

సంచి సర్దుతూనే సంధ్య తప్పు చేసింది.

రాయదుర్గం మెట్రో స్టేషన్ పక్కన ఒక అద్దాల మేడలో చిన్న మ్యూజియం ఉంది. పాత వస్తువులు పాడైపోకుండా కాపాడడం అక్కడ ఆమె ఉద్యోగం. పురుగు తొలిచిన చెక్కకూ పెచ్చులూడే రంగుకూ ఆమే వైద్యురాలు. ఆ రోజు ప్రయాణం కట్టిన రోగి ఒక కొయ్యబొమ్మ. మూరెడు ఎత్తు, పసుపు ముఖం, చెవుల దాకా సాగిన కళ్లు. ఊరూరా తిరిగి కథలు చెప్పేవాళ్ల అమ్మవారు. సంధ్య సంచిలో స్పాంజి పరిచి, బొమ్మను పడుకోబెట్టి, తెల్లటి పలచని కాగితంతో కాళ్ల నుంచి తల దాకా చుట్టేసింది. రంగుకు ఏదీ ఒరుసుకోకూడదని ఆమెకు చదువులో నేర్పారు.

"మొఖం మూస్తున్నవేంది బిడ్డా?" అన్నాడు రాజయ్య.

బొమ్మ ఆయనదే. తండ్రి చేతుల మీద తయారైంది. కథ వినేవాళ్లు కరువై, ప్రగతి నగర్‌లో కొడుకు ఇంట్లో అటక మీద పడి ఉంటే, చూడలేక మ్యూజియానికి ఇచ్చాడు.

"దుమ్ము పడకుండా, తాతా."

"తెల్లగ చుట్టి మొఖం మూసేది తిరిగి రానోళ్లకు. అమ్మ మళ్ల రావాలె గద. మా నాయిన ఎన్ని ఊర్లు తిరిగినా ఆమె మొఖం మీద గుడ్డపేలిక పడనియ్యలే."

సంధ్య పసిపిల్లకు దుప్పటి సర్దినట్టు కాగితాన్ని గడ్డం కిందికి దించింది.

బొమ్మ వీపున పగులు పట్టింది. దాన్ని పూడిస్తే గాని అద్దాల పెట్టెలో నిలబెట్టడానికి లేదు. పూడ్చేముందు రాజయ్య ఒక్కటే కోరాడు, కడుపులో ఏముందో చూడాలని.

"నాయిన వీపు తొలిచి లోపల చింతగింజల ముద్ద మెత్తుతుంటె, మా చెల్లె బుజ్జి వోయి పచ్చిముద్దల చెయ్యి వెట్టిందంట. నాయిన కొట్టలేదంట. నవ్వి, దాని మీదనే సుద్ద పోసిండంట. మా అవ్వ సచ్చేదాక ఇదే చెప్పింది. నిజమో, మనసు ఊకోక అల్లుకున్నదో తెల్వదు. ఆ పిల్ల ఫొటో సుత లేదు మాకాడ. ఉంటె ఆ చెయ్యే ఉన్నది. లేకుంటె ఏం లేదు."

బొమ్మను చీల్చకుండా చూడాలంటే ఎక్స్‌రే ఒక్కటే దారి. మ్యూజియంలో ఆ యంత్రం లేదు. మదీనాగూడలో తెలిసినవాళ్ల సెంటర్ ఉంది. కారు ముంబై హైవే ఎక్కగానే, సంచిని ఒడిలో పెట్టుకున్న రాజయ్య కిటికీలోంచి రోడ్డును అదే పనిగా చూశాడు.

"ఈ తొవ్వనే పోయింది," అన్నాడు. "మా చిన్నమ్మకు పిల్లలు లేరు. బుజ్జిని బొంబాయి తోల్కపోయి దసరాకు తెస్తనన్నది. తర్వాత నాయిన రెండుమార్లు పోయి ఎతికిండు. ఆ ఇంట్ల వేరేటోళ్లు ఉన్నరు."

సంధ్య ఆయన ఒడిలోని సంచిని చూసింది. అందులో ఏమీ లేకపోతే? ఉన్న ఒక్క మాటనూ నా చేత్తోనే చెరిపేసినదాన్ని అవుతానే అనుకుంది.

ఎక్స్‌రే గది బయట రాకేష్ అనే కుర్రాడు కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. అమలాపురం వైపువాడు.

"పేషెంట్ పేరండి?"

"బొమ్మ కదా రాకేష్," అంది సంధ్య.

"పేరూ వయసూ కొట్టకపోతే ఇది ముందుకెళ్లదండి. దీనికి బొమ్మా మనిషీ తేడా తెలీదు."

"ఎల్లమ్మ అని కొట్టు," అన్నాడు రాజయ్య. "వయసు అరవైకి జర తక్కువ. నాకన్న చిన్నదే."

"ఆడ మనిషి. ప్రెగ్నెంటా అండి?" అని అడిగేసి రాకేష్ నాలుక కరుచుకున్నాడు. "సారీ అండి. ఆడ పేషెంటైతే అడిగి తీరాలి, అలవాటైపోయింది."

"అదే చూద్దామని వచ్చినం నాయినా," అన్నాడు రాజయ్య.

ఎవరూ నవ్వలేదు. బొమ్మను ముఖం పైకుండేలా బల్ల మీద పడుకోబెట్టి ముగ్గురూ బయటికి వచ్చారు. యంత్రం ఒక్కసారి గుర్రుమంది.

తెర మీద ముందు కొయ్య నారలు కనిపించాయి, నీటి మీది సన్నటి అలల్లా. తర్వాత తొలిచిన గుంట. ఆ గుంట నడుమ, నల్లటి చీకట్లో, తెల్లగా ఒక అరచెయ్యి. అయిదు వేళ్లూ బారజాపి ఉన్నాయి. తమలపాకంత చెయ్యి. పచ్చిముద్ద మీద పడిన ఆ అచ్చులోకి సుద్ద జారి గడ్డకట్టింది. సుద్ద బరువైంది గనుక ప్రతి వేలూ తెల్లగా తేలింది.

రాకేష్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఎందుకు లేచాడో అతనికే తెలియదు.

సంధ్య తన ఉద్యోగంలో రాజుల కత్తులు తుడిచింది, రాణుల నగలు తూచింది. దేని ముందూ ఇలా నిలబడిపోలేదు. కాగడాల వెలుగులో రాజయ్య తండ్రి ఆ బొమ్మను ఎత్తి ఆడించినన్ని రాత్రులూ, ఊళ్లకు ఊళ్లు దానికి చేతులెత్తి మొక్కినన్ని రాత్రులూ, లోపల ఈ చిన్న చెయ్యి ఉంది. పసుపూ కుంకుమా దీనికీ అందాయి. అమ్మవారు మోస్తున్నదేమిటో మొక్కినవాళ్లెవరికీ తెలియదు.

రాజయ్య తన అరచేతిని తెర మీద ఆనించాడు. చెల్లెలి చెయ్యి ఆయన చేతి కింద పూర్తిగా మునిగిపోయింది. చాలాసేపు తియ్యలేదు.

"అవ్వ అబద్ధం చెప్పలే," అన్నాడు చివరికి. తర్వాత సంధ్య వైపు తిరిగాడు. "ఇగ పూడ్చెయ్యి బిడ్డా. కాని మరీ గట్టిగ మూయకు."

"మేం అతికేది ఏదైనా, కావాలంటే మళ్లీ ఊడదీసేటట్టే అతుకుతాం తాతా. మా పనిలో మొదటి పాఠం అదే."

"మంచి పని నేర్చినవ్."

ఈసారి సంచి ఆయనే సర్దాడు. బొమ్మను పడుకోబెట్టి, కాగితం గడ్డం దాకా లాగి, ముఖం మీద పడ్డ ఒక్క నూలుపోగును ఊది తీసేశాడు.

"పోయొద్దాం పా అమ్మా," అని సంచి భుజాన వేసుకున్నాడు.

సాయంత్రానికి బొమ్మ రాయదుర్గం తిరిగి వచ్చింది. బుజ్జి బొంబాయి బస్సెక్కింది పందొమ్మిది వందల అరవై ఆరు ఎండాకాలంలో. ఆ దసరాకు రాలేదు. ఆ తర్వాత కూడా రాలేదు.