ఆముదం శనివారం

సువార్తమ్మగారింట్లో మూడు నెలలకోసారి ఆముదం శనివారం వచ్చేది. మర్నాడు చర్చిలో రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకునే ప్రభువు బల్ల. కడుపులో కల్మషం పెట్టుకుని బల్ల దగ్గరికెలా వెళతారన్నది ఆవిడ వాదన. దేవుడు చూసేది హృదయాన్ని కదమ్మా అని పాదిరిగారు ఒకసారి నవ్వితే, హృదయం మీ వంతు, కడుపు నా వంతు అని ఆయన నోరు మూయించింది. దేశంలో ఎమర్జెన్సీ ఎత్తేశారు గానీ మా అమ్మ ఎత్తలేదని కొడుకు ప్రకాశరావు చాటుగా గొణిగేవాడు.

అది అంగడి ఆముదం కాదు. పెరట్లో కాసిన గింజలు వేయించి, దంచి, నీళ్ళలో మరిగించి, పైకి తేలినది తీసిన వంటాముదం. శొంఠి కషాయంలో కలిపి ఇంటిల్లిపాది చేతా తాగించి, చేతిలో నిమ్మబద్ద పెట్టేది. అంతటితో వదిలితే బాగుండును, నోరు తెరిపించి నాలుక కింద కూడా చూసేది. ఆ పూటకి మిరియాల చారూ అన్నమే. నవ్వుకుంటాం గానీ, అజీర్తి అంటూ డాక్టరు గుమ్మం ఎక్కిన పాపాన ఆ ఇంట్లో ఎవరూ పోలేదు.

ఈసారి శనివారం దగ్గరపడేకొద్దీ కోడలు లీలావతికి భయం పెరిగింది. నాలుగేళ్ళ కాపురంలో రెండుసార్లు కడుపు నిలవలేదు. ఇప్పుడు మళ్ళీ రెండో నెల. నిరుడు, నెల తప్పిన సంగతి తనకే సరిగా తెలియని రోజుల్లో, అత్తగారిచ్చిన ఆముదం తాగింది. మర్నాడు చర్చి నుంచి వచ్చి పడుకుంది, అంతే. ఆముదం వల్లేనని అమలాపురం డాక్టరమ్మ తేల్చి చెప్పలేదు. ఈసారి మాత్రం విరేచనాల మందేదీ నోట పెట్టొద్దని గట్టిగా చెప్పి పంపింది.

ఆ ముక్క అత్తగారికి చెప్పేస్తే పోయేది కదా అంటారు. చిక్కంతా అక్కడే. మొదటిది పోయినప్పుడే, మూడో నెల వెళ్ళేదాకా ఆఖరికి తనకి కూడా చెప్పొద్దని కట్టడి చేసింది సువార్తమ్మే. ముందే ఆశపెట్టుకుని ఏడవడం ఇక తన వల్ల కాదంది. నిరుడు పోయిన సంగతి కూడా అందుకే ఆవిడ దాకా రాలేదు. ఆవిడ కట్టళ్ళు రెండూ మంచికే పుట్టాయి, ఆ ఉదయం వంటింట్లో రెండూ ఎదురుపడ్డాయి.

ప్రకాశరావు రామచంద్రపురం హైస్కూల్లో పిల్లల్ని గడగడలాడించే మాస్టారు. తల్లి ముందు పిల్లి. అమ్మ అటు తిరగగానే నీ గ్లాసు కూడా నేనే తాగేస్తానని పెళ్ళానికి ధైర్యం చెప్పాడు. అమ్మ అటు తిరగదని అతనికి తెలియదూ! తన వంతు తాగేసి, నిమ్మబద్ద చీకుతూ నేలచూపులు చూశాడు. లీలావతికి ఒళ్ళు మండింది.

అత్తగారు గ్లాసు చాపింది. లీలావతి చేతులు వెనక్కి పెట్టుకుంది.

"నేను తాగనండి, అత్తయ్యగారూ."

ఆ ఇంట్లో ఆ మాట ఎవరూ అని ఎరగరు. సావిట్లో మామగారు మత్తయి పేపరు దించారు. ఎందుకని సువార్తమ్మ మెల్లగానే అడిగింది.

"నిరుడు తాగేనండి. మర్నాడే పోయిందండి."

ఆ రోజు నోరు తెరిపించి మరీ చూసింది సువార్తమ్మే. పీట మీద కూలబడి, అయితే నా చేత్తోనే చేశానా అంది. డాక్టరమ్మే చెప్పలేకపోయింది, మీరు మాత్రం తెలిసి చేశారా అని లీలావతి అంది. మనస్ఫూర్తిగానే అంది.

"మరి నాకెందుకు చెప్పలేదే?"

"మీరే వద్దన్నారు కదండీ."

సువార్తమ్మ లేచి గ్లాసు తూములో పారబోసింది. ఇకమీదట ఎవరినైనా అడిగే పోస్తానని గోడకి చెప్పినట్టు చెప్పింది. నీకు ముందే తెలుసా అని కొడుకుని అడిగింది. అతను "ఆయ్" అని ఒప్పుకోగానే ఇంకో గ్లాసు కలిపి అతని చేతిలో పెట్టింది.

తరవాత సీసా వంచి అరచేతిలో ఆముదం పోసుకుంది. లీలావతి ఒకడుగు వెనక్కి వేసింది.

"నోటికి కాదే, మాడుకి. కూర్చో."

కొప్పు విప్పి నడినెత్తిన ఆముదం అద్దుతుంటే ఇద్దరికీ కన్నీళ్ళు ఆగలేదు. ఎన్నో నెలని ఆవిడ చెవి దగ్గర వంగి అడిగింది.

"రెండండి."

"సరే. నేను వినలేదు" అంది సువార్తమ్మ, ఆముదం అద్దుతూనే.