కురవని స్లాబు

మా అత్తమ్మ గోపమ్మ వెనక పోర్షన్‌ను కిరాయికి ఇచ్చేముందు ఒక ప్రశ్న తప్పకుండా అడుగుతుంది, ఇంట్లో ఎవరైనా నీళ్లోసుకున్నారా అని. వేరేవాళ్ల పురుడు మన గడపలో జరిగితే ఆ మైల మనకూ అంటుతుందని ఆమె పట్టింపు. మొయినాబాద్‌లో ఈ పట్టింపు ఆమె ఒక్కదానిదే కాదు. ఏ గల్లీకి వెళ్లినా కిరాయి మాట కంటే ముందే, వచ్చిన ఆడమనిషి కడుపు వైపు చూస్తారు.

అరుణశ్రీ, ఆమె భర్త అభిలాష్ ఉగాదికి దిగారు. అతను దొంతన్‌పల్లి వైపు కాలేజీ బస్సు నడుపుతాడు, తెల్లవారకముందే డ్యూటీకి పోతాడు. దిగిన కొన్నాళ్లకు అరుణశ్రీ వచ్చి, భయపడుతూ, నెల తప్పిందని చెప్పింది. అత్తమ్మ ఇల్లు పీకి పందిరేస్తుందనుకున్నాను. ఆమె మాత్రం పిల్లను ఏమీ అనకుండా పోర్షన్ వైపు అదేపనిగా చూసింది. అంతకుముందు కిరాయికి ఉన్న ప్రగతికి కూడా, పెళ్లయిన ఎన్నో ఏళ్లకు, అదే పోర్షన్‌లో కడుపు పండింది మరి.

"రెండో మనిషి సమతా! ఆ అర్రల ఏదో ఉన్నది. నువ్వూ పిలగాడూ అండ్లనే పండాలె," అంది. పిలగాడంటే మా ఆయన శ్రీకాంత్, నలభై దాటాడు.

నేను నవ్వాను. చేవెళ్లలో పిల్లలకు సైన్సు చెప్పే టీచర్ని, నవ్వక ఏం చేస్తాను?

"నవ్వకు. ఈమెకు పురుడైతే ఆ ఫలం ఈమెతోనే ఎల్లిపోతది. ఆలోపలనే ఖాళీ చేపియ్యాలె."

అప్పుడే వద్దని గట్టిగా అనాల్సింది. అనలేదు. పిల్లల కోసం పెద్ద దవాఖానల చుట్టూ తిరిగి తిరిగి ప్రతిసారీ ఉత్త చేతులతో ఇంటికొచ్చిన దాన్ని. 'ఒకవేళ నిజమైతే' అనే పురుగు ఒక్కసారి బుర్రలో దూరితే చదివిన చదువంతా గాలికి పోతుందని నాకు అప్పుడే తెలిసింది. శ్రీకాంత్ మీ ఇష్టం అని తప్పించుకున్నాడు. మగవాళ్లకు ఆ సౌకర్యం ఎప్పుడూ ఉంటుంది.

చెప్పే పని నా నెత్తిన పడింది. అరుణశ్రీ నన్ను అక్కా అని పిలుస్తుంది కదా, నేను చెబితే వింటుందట. వానలు పడుతున్నాయి కాబట్టి స్లాబు కురుస్తోందని, రిపేరు చేయించాలని చెప్పాను. "సరే అక్కా," అని ఆమె వెంటనే ఒప్పుకుంది. నాకు అది ఇంకా కష్టంగా అనిపించింది.

పుట్టింటికి పొమ్మందామంటే ఆమెకు తల్లి లేదు. మొయినాబాద్‌లో ఎవరూ ఇల్లు ఇవ్వలేదు. చూడలేక, ఒక ఆదివారం నేనే కారులో చేవెళ్ల తీసుకుపోయాను. సాయం చేస్తున్నానని నాకు నేను చెప్పుకున్నాను. వెళ్లగొట్టేదీ నేనే, దారి చూపేదీ నేనే!

అక్కడ అంతమ్మ అనే పెద్దావిడ ఇల్లు చూపించింది. బాగుంది, గాలి వెలుతురు ఉన్నాయి. చివరికి అరుణశ్రీని ఎగాదిగా చూసి తల అడ్డంగా ఊపింది.

"పురుడైనంక తోల్కరా బిడ్డా, అప్పుడిస్త," అని నాతో అంది. "అయినా నిండు మనిషిని ఇప్పుడు ఎల్లగొట్టింది ఎవ్వతి? దాని కడుపున పిల్లలు పుట్టలేదా?"

అరుణశ్రీయే అందుకుంది.

"అట్లనకు అవ్వా. మా ఓనరోళ్లు మస్తు మంచోళ్లు. స్లాబు కురుస్తున్నదని, పుట్టే పిల్లకు సల్ల తగుల్తదని ఖాళీ చేపిస్తున్నరు."

పిల్లకు చల్లగాలి తగులుతుందని నేనెప్పుడూ అనలేదు. ఆ మంచితనం ఆమె సొంతంగా కల్పించి నాకు అంటగట్టింది. తిరిగి వచ్చేటప్పుడు ఎన్నోసార్లు నోరు తెరిచాను. రోడ్డు గుంతల గురించి మాట్లాడి మూసుకున్నాను.

చివరికి ముడిమ్యాలలో రేకుల ఇల్లు దొరికింది. ఊరి చివర, బావి పొలాల పక్కన. బాత్రూం బయట. అభిలాష్ డ్యూటీకి పోతే పిలిస్తే పలికే మనిషి లేదు. నొప్పులొస్తే చేవెళ్ల దవాఖానకు ఎవరు తీసుకుపోతారని అడిగితే, "దేవుడున్నడు అక్కా," అంది అరుణశ్రీ.

పోయే రోజు సామానంతా ట్రాలీ ఆటోకి ఎక్కించారు. ముందు వరండాలో అత్తమ్మ మా మంచం లోపల ఏ మూలకు వేయాలో శ్రీకాంత్‌కు చెబుతోంది. అరుణశ్రీ నన్ను ఖాళీ అర్రలోకి పిలిచింది.

"అక్కా, ఒక్క మాట. ఇది మనసుల పెట్టుకొని పోలేను. మీరనుకున్నట్టు నాకు ఐదో నెల గాదు, ఎనిమిదో నెల. ఈ ఇంట్లకు వచ్చేనాటికే రెండో నెల. మీ అత్తమ్మ అడిగితె లేదన్న. అంతకుముందు నిజం జెప్పిన ప్రతి ఇంట్ల తలుపేసుకున్నరు." కళ్లు తుడుచుకుంది. "స్లాబు కురుస్తున్నదని నువ్వు జెప్పిననాడే అనుకున్న, నేనాడిన అబద్ధమే నన్ను ఎల్లగొడుతున్నదని. అక్కా అనుకుంటనే నిన్ను మోసం చేసిన. మాఫ్ చెయ్యి."

నా కాళ్లకు దండం పెట్టబోయి, వంగలేక గోడ పట్టుకుంది.

ఈ అర్ర ఆమెకు ఇచ్చింది నీడ ఒక్కటే. లేని మహిమ కోసం ఆ నీడనే నేను లాక్కున్నాను. పైగా ఆమె నన్ను మాఫీ అడుగుతోంది.

"స్లాబు కురుస్తలేదు అరుణా," అన్నాను. "ఎన్నడూ కురవలే. నువ్వు ఈ అర్రలనే నీళ్లోసుకున్నవనుకున్నం. మేం ఇండ్ల పంటే నాకు గూడ కడుపు పండుతదేమో అని, నీ పురుడు కాకముందే ఖాళీ చేపిచ్చిన. తప్పైంది. సామాను దింపిస్త. అత్తమ్మకు నేను జెప్త. పోకు."

ఆమె తలెత్తి స్లాబు చూసింది. ఎక్కడా చిన్న మరక కూడా లేదు. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"వద్దు మేడం," అంది.

తర్వాత కొంగు లాగి కడుపు నిండా కప్పుకుంది. నా చూపు తగలకుండా రెండు చేతులూ దాని మీద అడ్డం పెట్టుకుని, గోడవారగా నడుస్తూ బయటికి పోయింది.