గిర్ని ఆగే వేళ

2023వ సంవత్సరం, ఎండాకాలం. ఎడపల్లి పక్కనున్న ఆ ఊళ్లో పసుపు కొమ్ములు ఉడికి, ఎండి, బస్తాలకెక్కి నిజామాబాద్ మార్కెట్ యార్డుకు పోతున్న రోజులు. ఇంటి వాడకానికి ఉంచుకున్న కొమ్ములూ, మామిడి తొక్కుకు కావలసిన ఎండుమిరపకాయలూ బేసిన్లలో పోసుకుని ఆడవాళ్లు నిరోష ఇంటికి వచ్చేవారు. ఆ ఏడే నిరోష తన ఇంటి ముందు గదిలో పిండి, కారం, పసుపు పట్టే గిర్ని పెట్టింది.

అంతకుముందు ఆమె బీడీలు చేసేది. ఆకు కత్తిరించి, దారం చుట్టి, వేళ్ల కొసలు కాయలు కాశాయి. మహిళా సంఘం తరఫున ఒక గిర్ని వస్తుందనగానే అందరికంటే ముందు చెయ్యెత్తింది. నిజామాబాద్‌లో శిక్షణకు పోయి బెల్టు ఎట్లా ఎక్కించాలో, జల్లెడ ఎప్పుడు మార్చాలో నేర్చుకుని వచ్చింది. పొద్దున్నే వాకిలి ఊడ్చి, అత్త భీమవ్వకు చాయ పోసిచ్చి, మోటరు స్విచ్చి వేసేది. ఇక ఆ చప్పుడు బజారు చివరి దాకా వినిపించేది.

పొద్దుగూకే వేళకు మాత్రం ఆపేసేది. అది ఆమె మొగుడు కృష్ణ అడుగులు వచ్చే వేళ.

కృష్ణ లారీ డ్రైవరు. కొన్నేళ్ల కింద పసుపు లోడు తీసుకుని మహారాష్ట్రలోని సాంగ్లికి పోయాడు. లారీ అక్కడి యార్డు బయట దొరికింది. మనిషి దొరకలేదు. అతను బయలుదేరిన మరునాటి సాయంత్రం నుంచే అడుగులు రావడం మొదలైంది. గేటు దగ్గర మొదలై, ఎడమ కాలు కొంచెం ఈడ్చుకుంటూ, ముందు గదిలోంచి నీళ్ల రంజను దాకా వచ్చి ఆగేవి. తర్వాత నులక మంచం కిర్రుమనేది. కాసేపు పోయాక ఏమీ ఉండేది కాదు. ఊళ్లో ఎవరూ దీన్ని వింతగా చెప్పుకోలేదు. కొందరి ఇళ్లకు దుబాయి నుంచి ఫోన్లు వస్తాయి, ఈ ఇంటికి అడుగులు వస్తాయి, అంతే.

భీమవ్వ ఆ వేళకు చెంబుతో నీళ్లు ముంచి రంజను పక్కన పెట్టేది. నిరోష మంచం కోడుకు ఆనుకుని కింద కూర్చుని, ఆ రోజు జరిగిందంతా మెల్లగా చెప్పేది. జవాబు ఉండదు. అయినా ఆమె రోజంతా ఆ కాసేపటి కోసమే మాటలు దాచుకునేది.

గిర్ని బిగించిన రోజు మెకానిక్కు మార్కండేయ చీకటి పడే దాకా మిషను నడిపి చూశాడు. ఆ సాయంత్రం మంచం కిర్రుమనలేదు. భీమవ్వ అన్నం ముట్టలేదు. అప్పటి నుంచి ఈ కట్టుబాటు.

చిక్కేమంటే, కూలికి పోయిన ఆడవాళ్లు గింజలో మిరపకాయలో పట్టించుకోవడానికి వచ్చేదీ ఆ వేళకే.

"ఏందే నిరోషా, నీ మొగడింక రాలేదా?" అనేది ఈరవ్వ, మిరపకాయల బేసిను చంకన పెట్టుకుని.

"జర ఆగవ్వా, వచ్చే యాళ్లయింది."

"ఉన్న మొగన్ని ఇంట్ల ఇడిసిపెట్టి, లేని మొగని కోసం నిలవడ్డ. నా నసీబు సూడుండ్రి!"

అందరూ నవ్వేవారు. నిరోష కూడా నవ్వేది. అంతలో గేటు దగ్గర చప్పుడయ్యేది. ఆడవాళ్లు కొంగులు సర్దుకుని గోడకు ఒదిగి దారి ఇచ్చేవారు. మంచం కిర్రుమన్నాక ఈరవ్వ గొంతు తగ్గించి, "వచ్చిండు గద, ఇగ ఎయ్యి" అనేది. కానీ భీమవ్వ ఇక ఆ పూటకు స్విచ్చి మీద చెయ్యి వేయనిచ్చేది కాదు. ఒక్కొక్కరే బోధన్ రోడ్డు మీది గిర్నికి పోవడం మొదలుపెట్టారు.

పక్కింటి వినీత బోధన్‌లో డిగ్రీ చదివిన పిల్ల. నిరోష పట్టిన పసుపును పొట్లాలు కట్టి నిజామాబాద్ దుకాణాలకు వేస్తుంది. ఒకరోజు ఆ పిల్ల వచ్చి గడప మీద కూర్చుంది.

"అక్కా, గంజ్‌ల దుకాణపాయనకు మన పసుపు నచ్చిందట. వారం వారం కావాల్నంటున్నడు. పొద్దంత ఊరోళ్లది పడితె మనదెప్పుడు పట్టాలె?"

నిరోష బెల్టు మీది పొడి తుడిచింది.

"సంఘంల అనుకుంటున్నరక్కా. సాయంత్రం నడిపేటోళ్లింట్ల పెడ్తరట గిర్ని. గట్లయితె నీకు మళ్ల బీడీలే. నాకు హైదరాబాద్‌ల బట్టల దుకాణమే."

"ఆ ఒక్క గడియ తప్ప ఏమన్న అడుగు వినీతా."

"ఆ ఒక్క గడియకే మంది వస్తరక్కా."

మరునాడు దుకాణపాయన కోసం పొద్దటి నుంచి పసుపే పట్టింది. ఊడ్చే తీరిక దొరకలేదు. గిర్ని ఆపేసరికి గచ్చంతా పచ్చగా, మెత్తగా పొడి పరుచుకుని ఉంది. గడప అవతల ఈరవ్వా మరి కొందరూ బేసిన్లతో నిలబడ్డారు. గేటు చప్పుడైంది. అడుగులు లోపలికి వచ్చాయి. ఈసారి పసుపులో అచ్చులు పడ్డాయి.

మొదట చూసింది ఈరవ్వే. "గదేందే, పాదాలు ఉల్టా పడ్డయి?"

నిజమే. చప్పుడు ఇంట్లోకి వస్తున్నది. అచ్చుల్లో మాత్రం మడమలు లోపలికి, వేళ్లు గేటు వైపు ఉన్నాయి. మనిషి మొఖం రోడ్డు దిక్కే పెట్టుకుని, వెనక్కి వెనక్కి నడిచి రంజను దాకా వచ్చాడు.

భీమవ్వ మోకాళ్ల మీద కూర్చుని అచ్చులను చూసింది. ముట్టుకోలేదు.

"నేను ఎన్కనుంచి పిలిసిన బిడ్డా," అంది కోడలితో. "లారీ ఎక్కుతుంటె, బువ్వ తిని పోరా అని పిలిసిన. లోడుకు యాళ్లయితుందని నవ్వుకుంట ఎక్కిండు."

బయలుదేరిన మనిషిని వెనక నుంచి పిలిస్తే అతను లోపలికి తిరిగి వచ్చి, నీళ్లు తాగి, కాసేపు కూర్చుని మళ్లీ బయలుదేరాలి. ఇది ఆ ఊళ్లో పసిపిల్లలకూ తెలుసు.

"గందుకే వస్తున్నడు. నీళ్లిచ్చినం, కూసోవెట్టినం. ఇన్నేండ్ల సంది పోయి రా అని మాత్రం అనలే."

మంచం కిర్రుమంది. అనాలని నోరు తెరిచిన భీమవ్వ, అది అనకుండా మళ్లీ చెంబు అందుకుంది. నిరోష పోయి తన చోట కూర్చుంది. దుకాణపాయన సంగతి చెప్పాలనుకుంది, బీడీల సంగతి చెప్పాలనుకుంది, పోయిన పండక్కి తాను కట్టుకోని చీర సంగతి కూడా. మంచం మీద చెయ్యి పెట్టింది. నులక బరువుకు కిందికి సాగి, వెచ్చగా ఉంది.

ఏ సంగతీ చెప్పకుండా, "పోయి రా," అంది.

నులక పైకి లేచింది. అడుగులు మంచం దగ్గర నుంచి కదిలాయి. పసుపులో కొత్త అచ్చులు పడ్డాయి, ఈసారి చప్పుడు ఎటు పోతే వేళ్లూ అటే. ఆడవాళ్లు గోడకు ఒదిగారు. అడుగులు గేటు దాటుతుంటే భీమవ్వ కొంగు గుడ్డ నోట్లో కుక్కుకుంది, ఎక్కడ మళ్లీ పిలుస్తానోనని.

బజారులో అడుగుల చప్పుడు వినబడినంత సేపు ఎవరూ కదలలేదు. తర్వాత ఈరవ్వ బేసిను ముందుకు చాపింది. నిరోష లేచి స్విచ్చి వేసింది.

గిర్ని ఆ ఇంట్లోనే ఉంది. సాయంత్రాలు నడుస్తుంది. వినీత వారం వారం పసుపు పొట్లాలు తీసుకుని నిజామాబాద్ బస్సు ఎక్కుతుంది.

కృష్ణ అడుగులు మళ్లీ రాలేదు. కృష్ణా రాలేదు.