నడకల గది

"పెద్ద గరిటె కూడా ఎత్తుకెళ్ళావా?" అని వంటింటి గుమ్మంలో నిలబడి అడిగింది అత్తగారు.

ఎత్తుకెళ్ళిన మాట నిజమే. గరిటె ఒక్కటేనా? పాత కుక్కరు మూత, కిర్రుమనే పీట, మామగారి చేతికర్ర, ఊడిపోయిన తలుపు గొళ్ళెం, ఇలా ఒక్కొక్కటే ఇల్లు వదిలిపెట్టి రెండు వీధుల అవతలున్న స్టూడియోకి కాపురానికి వెళ్ళిపోయాయి. ఈమధ్య విడుదలైన సినిమాలో హీరో కత్తి దూసినప్పుడల్లా హాలంతా ఈలలు. ఆ కత్తి మోత ఈ గరిటెదే. ఆ సంగతి చెబితే అత్తగారు మురిసిపోతుందనుకుంది కోడలు, పిచ్చి మొహం. "అయితే మరి కూర దేంతో కలపమంటావు, కత్తితోనా?" అందావిడ. దానికేం చెబుతారు ఎవరైనా? చిన్న గరిటె కడిగి పొయ్యి పక్కన పెట్టి, "సాయంత్రం తెచ్చేస్తానత్తయ్యా" అంది.

ఆమె చేసే పనేమిటో చుట్టాలకి ఇప్పటికీ ఒక పట్టాన బుర్రకెక్కదు. షూటింగులో మాటలే పట్టుకుంటారు. మనిషి నడిచిన చప్పుడు, గాజుల గలగల, కుర్చీ లాగిన మోత, చెంపదెబ్బ, ఇవన్నీ ఆ తర్వాత ఎవరో ఒకరు మూసిన గదిలో తెర చూస్తూ, బొమ్మకి సరిగ్గా కుదిరేలా చేసిపెట్టాలి. ఆ ఎవరో ఒకరు ఈమె. అన్నిట్లోకీ ఎక్కువ పని నడకలది. తెరమీద పదిమంది నడిస్తే పదిమందీ ఆమే. మగవాళ్ళ బూట్లలో గుడ్డలు కుక్కుకుని హీరోగారిలా మెట్లు దిగుతుంది, మరుక్షణం చెప్పులు మార్చి హీరోయిన్ అవుతుంది, కర్ర పట్టుకుని తాతగారవుతుంది. పరిశ్రమలో ఆమె పేరు చాలామందికి తెలియదు. "నడకలావిడ" అంటే మాత్రం ఎడిటింగు గదుల్లో అందరికీ తెలుసు.

అలాగని ఎవరూ పిలిచి పీట వేయలేదు. అప్పట్లో ఒక రికార్డింగు థియేటర్లో ఫోన్లు ఎత్తే ఉద్యోగం. ఒకరోజు ఎఫెక్ట్స్ చేసే పెద్దాయన కాలు బెణికి కూర్చుంటే, "నువ్వు కాస్త నడుస్తావా అమ్మాయ్" అన్నారు. నడిచింది. బాగుందన్నారు. తర్వాత మళ్ళీ పిలిచారు, ఆ తర్వాత వేరేవాళ్ళు పిలిచారు. పిలవనివాళ్ళ ఆఫీసులకి తనే వెళ్ళి బల్లల మీద కూర్చుంది. "లేడీస్‌తో ఎఫెక్ట్సా?" అని నవ్వినవాళ్ళ సినిమాల్లో విలన్లు కూడా ఆమె అడుగులతోనే తిరిగారు. పాడుబడ్డ గోదాము ఒకటి అద్దెకు తీసుకుని, గోడలకి పాత బొంతలు కొట్టించి, నేలని గళ్ళుగా చేసి ఒక గడిలో ఇసుక, ఒక గడిలో కంకర, ఒకదాంట్లో చెక్క, ఒకదాంట్లో నాపరాయి, ఒకదాంట్లో ఎండుటాకులు వేయించింది. ఆ పనులన్నీ పొద్దున్న ఇంటెడు చాకిరీ చేసి వెళ్ళి, సాయంత్రం మళ్ళీ ఇంటెడు చాకిరీకి తిరిగొచ్చే మధ్యలో జరిగాయి.

"చెప్పులేసుకుని చప్పుళ్ళు చేస్తే డబ్బులిచ్చే వెర్రివాళ్ళు కూడా ఉన్నారన్నమాట" అని అప్పట్లో భర్త నవ్వేవాడు. స్నేహితులొస్తే, "మా ఆవిడ కాళ్ళతో సంపాదిస్తుందిరా" అనేవాడు. వాళ్ళు నవ్వేవాళ్ళు. టీ కప్పులు తీస్తూ ఆమె కూడా నవ్వేది. మంచివాడే. తాగడు, తిట్టడు, చెయ్యెత్తడు. పని పెరిగాక ఇంకా మంచివాడయ్యాడు. తన ఉద్యోగం మానేసి మరీ స్టూడియో చూసుకోవడానికి వచ్చాడు. బొంతలు తీయించి అద్దాల గది కట్టించాడు, ఏసీ పెట్టించాడు, బయట బోర్డు పెట్టించాడు, విజిటింగు కార్డులు వేయించాడు. కార్డు మీద పైన పెద్ద అక్షరాల్లో ఆయన పేరు, కింద మేనేజింగ్ డైరెక్టర్ అని. ఆమె పేరేదని అడిగితే, "నువ్వు ఆర్టిస్టువి, నీకెందుకీ తలనొప్పులు" అన్నాడు. నిజమే కదా అనుకుంది.

అక్కడే వచ్చింది చిక్కు. ఆయన అన్న ప్రతి మాటా విడివిడిగా చూస్తే నిజంగానే ఉంటుంది. "నీకు బేరాలాడటం రాదు." రాదు. "నీకు అలసటగా ఉంటోంది." ఉంటోంది. "ఫోన్లు నేను ఎత్తుతాలే, నువ్వు పని చూసుకో." మంచి మాటే. మరి ఆయన ఫోను పట్టుకుని "ఆ, మా ఆర్టిస్టుతో చేయిస్తానండీ" అన్నప్పుడు ఛాతీలో ఏదో అడ్డం పడ్డట్టు ఉండటమెందుకు? అరగలేదేమోనని మజ్జిగ తాగింది. తగ్గలేదు. అమ్మకి చెప్పుకుంటే, "నీ కోసం ఉద్యోగం వదులుకున్నాడే! ఎంతమందికి ఉంటాడే అలాంటి మొగుడు? సుఖాన ఉన్న ప్రాణాన్ని దుఃఖాన పెట్టుకోవడమంటే ఇదే" అంది. ఆడపడుచు, "మా అన్నయ్య వచ్చాకే కదా వదినా నీ పనికి ఒక రూపమొచ్చింది" అంది. అదీ నిజమే కాబోలు. ఇంతమందికి అర్థమైంది తనకే అర్థం కావడం లేదంటే లోపం తనలోనే ఉండుంటుందని చాలాసార్లు సమాధానపడింది. సమాధానపడ్డాక కూడా అడ్డం పడింది అక్కడే ఉంది.

ఆ పొద్దున్న ఆయన టిఫిను తింటూ అసలు విషయం బయటపెట్టాడు. "ఈరోజు తన సినిమా పనికి డైరెక్టరు స్టూడియోకొస్తున్నాడుగా, ఆయన సీరియల్ ఒప్పందం కూడా ఖాయం చేసేస్తున్నాను. అన్ని భాగాలూ మనకే. కాకపోతే ఒక్క మనిషి కాళ్ళ మీద అంత పని ఆధారపడితే ఎలా అని నిర్మాత భయం. న్యాయమే కదా? అందుకని ఇద్దర్ని పెట్టుకుందాం, నువ్వు నేర్పెయ్. ఆర్నెల్లు తిరిగేసరికి నువ్వు హాయిగా ఇంటిపట్టున ఉండొచ్చు. అమ్మకీ ఒక మనిషి తోడు కావాలి."

"మరి స్టూడియో?"

"నేను లేనూ?" అన్నాడు, చెయ్యి కడుక్కుంటూ. "డైరెక్టరు వెళ్ళేలోపు ఊ అను చాలు. వాళ్ళకి ఆ మాట నీ నోటనే వినాలనుందట."

ఊ అనడానికి ఎంతసేపు? ఒక్క అక్షరం. గిన్నెలు తోముతూ అనుకుని చూసింది, తల దువ్వుకుంటూ అనుకుని చూసింది. నోటిదాకా వచ్చి ఆగిపోతోంది. పోనీ వద్దనడానికైనా ఒక కారణం ఉండాలి కదా. ఏమని చెప్పాలి? మీరు నాకు విశ్రాంతి ఇస్తున్నారు, అందుకని నాకు ఏడుపొస్తోంది అనా? ఎవరైనా వింటే నవ్విపోతారు. కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకుంటూనే స్టూడియోకి వెళ్ళింది.

డైరెక్టరు అప్పటికే వచ్చి అద్దాల గదిలో కూర్చున్నాడు. పల్లీలు నములుతూ ఉంటాడాయన, ఎప్పుడూ. టేకు మొదలయ్యే ముందు రికార్డిస్టు లేచి ఆయన చేతిలో పొట్లం తీసి పక్కన పెట్టాల్సిందే, లేకపోతే నమిలిన చప్పుడు కూడా సినిమాలోకి ఎక్కుతుంది. ఆయన పక్క కుర్చీలో భర్త. ఒకప్పుడు అది ఆమె కుర్చీ. నడిచొచ్చి, విని, బాగాలేకపోతే మళ్ళీ వెళ్ళి నడిచేది. ఇప్పుడు బాగుందో లేదో ఆయన చెబుతాడు, అద్దం అవతల నుంచి, మీట నొక్కి, స్పీకరులో.

"ఒకే ఒక్క ముక్కమ్మా" అన్నాడు డైరెక్టరు. "ఈ సీనులో ఆవిడకి నలభై దాటాయి. మొగుడు, పిల్లలు, అందరూ ఊరెళ్ళారు. ఇంట్లో ఒక్కతే. హాల్లోంచి వంటింట్లోకి, అక్కణ్ణుంచి కిటికీ దగ్గరికి వెళ్తుంది. మాటల్లేవు. మ్యూజిక్ పెట్టను. నీ అడుగులే సీను. ఎవరి కోసమూ కాకుండా నడవాలి, అంతే."

అదెంత పని అనుకుంది. తెర వెలిగింది. చెప్పులు విప్పి, నాపరాయి గడిలో వట్టికాళ్ళతో నడిచింది. డైరెక్టరు తల అడ్డంగా ఊపాడు. "ఎవరో మహారాణమ్మా ఇది. ఇల్లంతా తనదే అన్నట్టుంది." ఆయన చెప్పాక తెలిసింది, అది అత్తగారి నడక. రెండోసారి ఇంకోలా నడిచింది. "ఊహూ, ఈవిడ్ని ఎవరో చూస్తున్నారు." అది హీరోయిన్లకి వేసే నడక. మూడోసారి, "ఈవిడకి బస్సు తప్పిపోతోందమ్మా!" అది ఎదురింటి టీచరుది. అమ్మ నడక వేసింది, ఆడపడుచు నడక వేసింది, ఎప్పుడో చిన్నప్పుడు చూసిన నర్సు నడక వేసింది. ఊళ్ళో వాళ్ళందరి నడకలూ ఆమె కాళ్ళలో ఉన్నాయి. డైరెక్టరుకి ఒక్కటీ నచ్చలేదు. ఇన్నాళ్ళ పనిలో ఒక నడక దొరక్కపోవడమన్నది ఎప్పుడూ లేదు.

స్పీకరు గరగరమంది. భర్త గొంతు. "ఎందుకంత ఆలోచన? మనింట్లో నడిచినట్టు నడిచెయ్, అయిపోతుంది."

అవును, ఆ మాట తనకెందుకు తట్టలేదు? తెర మళ్ళీ వెలిగింది. కళ్ళు తెరమీద పెట్టి, మనసులో మాత్రం తమ ఇంటి హాలు తలుచుకుని నడిచింది. వంటింట్లోకి వెళ్ళింది, కాసేపాగి కిటికీ దాకా నడిచింది, గొళ్ళెం తీసింది. అయిపోయింది. అద్దం అవతల రికార్డిస్టు ఏదో వైరు పీకి మళ్ళీ పెట్టాడు. చెవులకున్న హెడ్‌ఫోన్ ఊడదీసి తట్టాడు. తర్వాత తలుపు తోసుకుని లోపలికొచ్చి మైకు ముందు చిటిక వేసి చూశాడు. చిటిక ఖంగున మోగింది.

"మైకు బాగానే ఉంది మేడమ్. మీరు నడిచారా?"

"నడిచాను" అంది.

వెనక్కి తిప్పి వినిపించాడు. తెరమీద ఆడమనిషి హాలు దాటింది, వంటింట్లో నిలబడింది, కిటికీ దగ్గరికి పోయింది. దయ్యంలా తేలుతూ పోయింది. మధ్యలో ఒక్క అడుగు లేదు. ఆఖర్న గొళ్ళెం మాత్రం టక్కుమంది.

భర్త పకపకా నవ్వాడు. మీట నొక్కే ఉందని మర్చిపోయాడేమో, నవ్వంతా గదిలోకి వచ్చింది. "చూశారాండీ? మా ఆవిడ అంత నెమ్మదస్తురాలు! గదిలోకొచ్చినా తెలీదు, వెళ్ళినా తెలీదు. మా ఇంటి పద్ధతి అలాంటిది." గర్వంగానే అన్నాడు, పాపం. డైరెక్టరు నవ్వలేదు. పల్లీలకోసం పొట్లంలో పెట్టిన చెయ్యి అలాగే ఉంచేశాడు.

కాపురానికొచ్చిన కొత్తల్లో మామగారు మధ్యాహ్నాలు పడుకునేవారు. "మడమ ఆనించకు అమ్మాయ్, మగవాళ్ళ నిద్ర చెడుతుంది" అంది అత్తగారు. నేర్చుకుంది. మునివేళ్ళ మీద నడిచి వంటచేసింది, పిల్లిలా నీళ్ళు మోసింది, జోలపాడి నిద్రపుచ్చిన బిడ్డ లేవకుండా గది దాటింది. మామగారు పోయి చాలా కాలమైంది. బిడ్డ హాస్టల్లో ఉంది. నిద్రపోయేవాళ్ళెవరూ లేని ఇంట్లో ఇంకా ఎవరి నిద్ర చెడకూడదని అలా నడుస్తోంది? "నువ్వొచ్చినా తెలీదు" అని ఈయన మెచ్చుకున్న ప్రతిసారీ లోపల్లోపల పొంగిపోయింది కూడా. అది మెచ్చుకోలేనా? అయితే ఇప్పుడది తలుచుకుంటే ఎందుకు మండుతోంది? కోపమైతే ఎవరి మీద? భర్త పెట్టిన ఆంక్ష కాదు. అత్తగారు చెప్పింది ఆ మధ్యాహ్నపు నిద్ర గురించే. పట్టుకుని నిలదీద్దామంటే ఒక్క మనిషీ చేతికి చిక్కడం లేదు.

అద్దాల గది తలుపు తీసుకుని లోపలికి వెళ్ళింది. ముగ్గురూ ఆమె వంక చూశారు.

"డైరెక్టరు గారూ, ఆ నడక నాకింకా రాలేదు. ఇస్తాను. ఈరోజంతా పట్టినా సరే ఇస్తాను. కానీ ఈయన ఇక్కడ కూర్చుంటే రాదు" అంది. "సీరియల్ సంగతి కూడా నాతోనే మాట్లాడండి. మనుషుల్ని పెట్టుకోవాలో వద్దో ఆలోచించి నేను చెబుతాను."

డైరెక్టరు భర్త వంక చూశాడు, ఆమె వంక చూశాడు. "నాక్కావల్సింది నడకమ్మా" అని, సాక్ష్యానికి రానన్నట్టు మళ్ళీ పల్లీలు నమలడం మొదలుపెట్టాడు.

భర్త లేచాడు. ఆమెను తలుపు దగ్గరికి తీసుకెళ్ళి గొంతు తగ్గించాడు. "పరాయివాళ్ళ ముందు ఏమిటిది? నేనేం చేశాను? ఉద్యోగం మానుకున్నాను, ఇదంతా కట్టించాను. నా తప్పేమిటో ఒక్కటి చెప్పు."

దొంగ ప్రశ్న కాదది. నిజంగానే తెలియక అడుగుతున్నాడు. అందుకే నిజంగానే వెతికింది. ఏసీ, బోర్డు, కార్డులు, ఫోన్లు, ఒక్కొక్కటీ తీసి చూసింది. ఏ ఒక్కటీ తప్పని వేలెత్తి చూపించడానికి పనికిరాలేదు. ఎప్పుడూ అయితే ఇక్కడే ఓడిపోయేది. చెప్పలేకపోయాను కాబట్టి తప్పు నాదే అనుకుని, తల వంచుకుని, ఊ అనేసేది.

"మీరేం చేశారో నాకూ ఇంకా తెలియడం లేదండీ" అంది. "తెలిసేదాకా స్టూడియో నేనే చూసుకుంటాను. మీరు ఇంటికెళ్ళి అత్తయ్యకి భోజనం పెట్టండి."