తెర మొత్తం

ఇంట్లో అందరూ ఆమెను పిచ్చుక అనే పిలిచేవారు. చిన్నప్పుడు ఒక్కచోట కుదురుగా ఉండేది కాదు, నోరు మూతపడేది కాదు. ఆ పిచ్చుకకు ఇప్పుడు నలభై దాటాయి. కట్టుడు పళ్లు తయారుచేసే చోట పని. మైనంలో పళ్ల వరుస పేర్చాలి, చిగుళ్ల రంగు సరిచూడాలి, సానపట్టాలి. అక్కడ పళ్లకు కొదవ లేదు గానీ పలకరింపుకే కరువు. యంత్రం హోరుకు ఎవరి చెవుల్లో వాళ్లు దూది పెట్టుకుంటారు. పొద్దువాలితే ఎవరి సంచి వాళ్లు సర్దుకుని వెళ్లిపోతారు.

బదిలీ మీద ఆ ఊరు వచ్చిన కొత్తలో, ఇంటి తాళం తీస్తే చాలు నిశ్శబ్దం మీదపడేది. ఒకరోజు కంప్యూటర్‌లో ఏదో వెతుకుతుంటే ఒక వీడియో దొరికింది. ఎక్కడిదో కాఫీ దుకాణం. కప్పుల చప్పుడు, కుర్చీలు జరిపిన చప్పుడు, జనం మాటలు, మధ్యమధ్య నవ్వులు. గంటల తరబడి అంతే. అది పెట్టుకుని వంట చేసుకుంటే ఇల్లు ఇల్లులా ఉండేది.

ఒక ఆదివారం అది మోగుతుండగానే అక్క వీడియో కాల్ చేసింది.

"ఎవరే ఇంట్లో? సందడిగా ఉంది."

నిజం చెబుదామనే నోరు తెరిచింది. వచ్చింది మాత్రం వేరే మాట. "నాతో పనిచేసేవాళ్లక్కా. పక్క గదిలో ఉన్నారు."

"హమ్మయ్య. ఒక్కదానివీ గోడలు చూస్తూ కూర్చున్నావేమోనని ఒకటే బెంగ నాకు."

అక్క మొహంలో ఆ తేలిక చూశాక అన్న మాట వెనక్కి తీసుకోబుద్ధి కాలేదు. ఆపైన అబద్ధానికి అబద్ధం తోడైంది. వచ్చేవాళ్లలో ఒకావిడ బాగా లావనీ, ఒకాయన తెగ జోకులేస్తాడనీ చెప్పింది. ఆయన్ని ఓసారి చూపించవే అని అక్క అడిగితే, సిగ్గరి అని తప్పించుకుంది. "జోకులేసేవాడికి సిగ్గేమిటి, విడ్డూరం" అన్నాడు బావ.

ఈలోగా అక్కకు మనవరాలు పుట్టింది. ఆ ఆదివారం కాల్‌లో అక్క ఒళ్లో పసిపిల్ల నోరంతా తెరిచి ఆవలించింది. పిచ్చుకకు ప్రాణం లేచొచ్చింది.

"దీన్నిలాగే ఫోటో తీసుకోగలిగితే ఎంత బావుణ్ను."

బావ తల దూర్చాడు. "దానికేం భాగ్యం మరదలా. కీబోర్డులో విండోస్ గుర్తున్న మీట నొక్కిపట్టి, ప్రింట్ స్క్రీన్ మీట నొక్కు. తెర ఒకసారి మినుక్కుమంటుంది. ఫోటో వెళ్లి పిక్చర్స్‌లో, స్క్రీన్‌షాట్స్ అనే ఫోల్డర్‌లో కూర్చుంటుంది. కంప్యూటర్‌తో పాటే వచ్చిన సదుపాయం, కొత్తగా ఏదీ ఎక్కించక్కర్లేదు."

నొక్కింది. తెర మినుక్కుమంది. రెండో ఆవలింత దొరికింది. ఆ మురిపెంలో పిల్లను తప్ప ఇంకేమీ చూసుకోకుండా వెంటనే అక్కకు పంపేసింది.

ఆ మీటలు తెర మీదున్నదంతా ఫోటో తీస్తాయి. ముక్క మాత్రమే కావాలంటే విండోస్, షిఫ్ట్, ఎస్ మూడూ కలిపి నొక్కి, మసకబారిన తెర మీద కావలసినంత మేర గీసుకోవాలి. అది ఆమెకు తర్వాతెప్పుడో తెలిసింది.

మర్నాడు అక్క మామూలు ఫోన్ చేసింది.

"పిచ్చుకా, నువ్వు పంపింది పెద్దది చేసి చూశాను. పిల్ల పక్కన ఇంకో విండో తెరిచుంది. 'కాఫీ దుకాణంలో జనం మాటలు' అని రాసుంది. ఏమిటే అది?"

పిచ్చుక తను పంపిన ఫోటో తెరిచి చూసుకుంది.

"ఇన్నాళ్లూ నా చెవిలో పువ్వు పెట్టావన్నమాట."

"నీకోసం మొదలెట్టింది కాదక్కా. ముందునుంచీ నాకోసమే పెట్టుకునేదాన్ని."

అక్క కేకలేస్తుందనుకుంది. అవతల ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినిపించింది.

"ఏం మాట్లాడుకుంటారే వాళ్లు?"

"తెలీదు, ఏ భాషో. నవ్వితే మాత్రం తెలుస్తుంది."

"ఆ లావుపాటావిడ?"

"లేదు."

"జోకులాయన?"

"ఆయనా లేడక్కా."

"అయ్యో, ఆయనంటే మీ బావకి ఎంత ఇష్టమో." ఆ మాటకు ఇద్దరికీ నవ్వు రాలేదు. "బయల్దేరి రానా?" అంది అక్క.

ఇంట్లో బాలింతరాలు, పసికందు. కదలడం కుదరదని అడిగినామెకూ తెలుసు, విన్నామెకూ తెలుసు.

"వద్దులే."

"అయితే ఒక్కటి చెయ్యి. నాతో ఉన్నది ఉన్నట్టు చెప్పు. ఏమీ లేకపోతే ఏమీ లేదని చెప్పు."

ఆ తర్వాతి ఆదివారం కాల్ కలిసినప్పుడు ఫ్రిజ్ రొద తప్ప ఇంట్లో ఏ చప్పుడూ లేదు.

"ఈవారం ఎవరితో మాట్లాడావు?"

పిచ్చుక చాలాసేపు ఆలోచించింది. "బస్సు డ్రైవర్‌తో. వెనక తలుపు తెరుచుకోవట్లేదు, ముందునుంచి దిగమన్నాడు."

"నువ్వేమన్నావు?"

"సరే అన్నాను."

"తర్వాత?"

"దిగాను."

"మనిషెలా ఉంటాడు?"

ఎంత గుర్తుచేసుకున్నా మొహం తట్టలేదు. అసలు తలెత్తి చూస్తేగా. అదే చెప్పింది.

"రేపు చూసి చెప్పు" అంది అక్క.

కాల్ అయిపోయాక గది మునుపటిలాగే ఉంది. కాఫీ దుకాణం పెట్టుకోవాలనిపించింది, పెట్టుకుంది కూడా. కాకపోతే దాని చప్పుడు బాగా తగ్గించి, వంటకు నీళ్లు పొయ్యి మీద పెట్టింది.